ఏరేసిన గింజ ఎక్కడికి పోతోంది?

మా అమ్మ సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని చేటలో శెనక్కాయ గింజలు ఏరేది. ముడత పడింది, నల్లబడింది, పచ్చటి బూజు అంటింది, ఒక్కొక్కటే వేలితో తోసి పక్కనున్న మూకుట్లో వేసేది. ఏరడం అయ్యాక ఆ మూకుడు తీసుకుపోయి ఎనుము కుడితిలో కలిపేది. తెల్లారి ఆ ఎనుము పాలే మా గ్లాసుల్లోకి వచ్చేవి. ఆమెకు తెలియదు. చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆమెను నేను తప్పు పట్టను.

నా కోపమంతా తెలిసీ ఊరుకున్నవాళ్ళ మీద.

కొన్నేళ్ళ కిందట మా అనంతపురం జిల్లాలోనే కాయ ఒలిచే ఒక మిల్లుకు పోయాను. మిషనులో పోసే ముందు కాయల కుప్ప మీద నీళ్ళు చల్లుతున్నారు. ఎందుకని అడిగితే, ఎండుకాయను అట్లే ఆడిస్తే గింజ పగులుతుంది, తడిపితే పగలదు అన్నారు. ఆ పక్క షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని గింజ ఏరుతున్నారు. మంచివి ఒక సంచిలోకి, చెడ్డవి ఒక సంచిలోకి. చెడ్డ గింజల సంచి దగ్గర నిలబడి మేస్త్రీని అడిగాను, "ఇవి ఏం చేస్తారన్నా?" అని. "నూనెకు పోతాయి సార్. నూనె పోగా వచ్చిన చెక్క దాణాకు పోతుంది. కాస్త నయంగా ఉండేవి పొడులు కొట్టేవాళ్ళు, మిఠాయిలోళ్ళు తీసుకుంటారు" అన్నాడు. ఆ మనిషి ఏమీ దాచలేదు. దాచాల్సిన పని ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. మంచి గింజ ఎక్కడికి పోతుందని అడిగాను. "ఎక్స్‌పోర్టుకు."

ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ పచ్చ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది గింజలో చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. శిలీంధ్రం పేరులోంచి 'అ', 'ఫ్లా' తీసుకుని దానికి విషమనే మాట తగిలించి ఆ పేరు పెట్టారు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు నెలల వ్యవధిలో చచ్చిపోయాయి. అంతు తెలియక దానికి 'టర్కీ ఎక్స్' జబ్బని పేరు పెట్టారు. వెతికి వెతికి చూస్తే కారణం దాణాలో కలిపిన వేరుశెనగ పిండి, బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చింది. ఆ పిండిలోంచి తీసిన పదార్థం మీద అతినీల లోహిత కాంతి వేస్తే ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా వెలిగింది. నీలంగా వెలిగినదాన్ని బి అన్నారు, ఆకుపచ్చదాన్ని జి అన్నారు. అన్నిటిలోకీ చెడ్డది బి1.

అంటే మనకిది తెలిసి అరవై ఏళ్ళు దాటింది. 1987 నాటికే అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనిషికి కాన్సర్ తెచ్చేవేనని ఏ అనుమానమూ లేకుండా మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నది ఆ వర్గంలోనే. సిగరెట్టు పెట్టె మీద పుండు పడ్డ నోరు బొమ్మ వేయించాం. సినిమా మొదలయ్యే ముందు హెచ్చరిక వేయించాం. బూజు గింజ గురించి ఒక్క గోడ మీద ఒక్క మాట రాయించామా? మా జిల్లాలో ఏ మార్కెట్ యార్డు గోడ మీదా నేను చూడలేదు.

బూజును మనం మురికి అనుకుంటాం. తుడిస్తే పోతుంది, ఎండబెడితే పోతుంది, వేయిస్తే పోతుంది అనుకుంటాం. తుడిస్తే పోయేది బూజు. విషం అప్పటికే గింజ లోపలికి దిగి ఉంటుంది. వేయిస్తే కొంత తగ్గుతుంది, పోదు. మన పొయ్యి మీది వేడి దాన్ని పూర్తిగా చంపలేదు. పచ్చడిలో మిరపకాయ, చింతపండు, ఇంగువ తాలింపు పడ్డాక బూజు గింజ చేదు కూడా నాలుకకు తగలదు. చిన్నప్పుడు బుడ్డలు కాల్చుకు తింటూ ఒక చేదు గింజ పంటి కింద పడితే థూ అని ఉమ్మేసేవాళ్ళం. ఆ ఉమ్మేయడమే మన ఒంటికున్న ఒకే ఒక్క కాపలా. గింజను పొడి చేసి అమ్మడం మొదలుపెట్టిన రోజున ఆ కాపలా కూడా పోయింది.

ఇది వేరుశెనగ ఒక్కదాని కథ కాదు. మొక్కజొన్న, మిరప, పత్తిగింజ, జొన్న, తడిసిన ధాన్యమేదైనా సరే. 1987లో కాశ్మీరులో వానకు తడిసిన గోధుమల రొట్టె తిని జనం జబ్బు పడ్డారు. అక్కడ విషం వేరు, బూజు వేరు. 1975లో రాజస్థానంలో సజ్జ కంకిని పట్టిన ఎర్గాట్ తిని జనం వాంతులతో, తల తిరిగి పడిపోయారు. కానీ అన్నిటికంటే ముందు చెప్పాల్సింది 1974.

ఆ ఏడాది గుజరాత్‌లోని పంచమహల్, దాని పక్కనే రాజస్థాన్‌లోని బాంస్వాడా జిల్లాల్లో పంట చేతికొచ్చే వేళకు అకాల వానలు పడ్డాయి. మొక్కజొన్న తడిసింది. ఇంట్లో వేరే తిండి లేని గిరిజన కుటుంబాలు ఆ తడిసిన మొక్కజొన్నలనే ఆరబెట్టుకుని, దంచుకుని, రొట్టెలు చేసుకుని తిన్నాయి. కొన్ని వారాలకు కళ్ళు పచ్చబడ్డాయి. కడుపులు నీరు పట్టి ఉబ్బాయి. వందకు పైగా ఊళ్ళల్లో ఇదే. అవే రొట్టెలు తిన్న కుక్కలకూ అదే జబ్బు. మామూలు పచ్చకామెర్లు కుక్కలకు అట్లా రావు. ఆ సంగతి పట్టుకుని, తిండిలోనే ఏదో ఉందని తేల్చినవాళ్ళు మన హైదరాబాదు వాళ్ళు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్. 1975లో లాన్సెట్ పత్రికలో వాళ్ళు రాసిన పత్రం ప్రపంచమంతా ఈనాటికీ చదువుతుంది. లెక్క ఇది: జబ్బు పడి లెక్కకెక్కినవాళ్ళు 397 మంది. చనిపోయినవాళ్ళు 106 మంది. ఆ ఇళ్ళల్లో తీసిన మొక్కజొన్నల్లో కిలోకు 15.6 మిల్లీగ్రాముల దాకా విషం ఉంది. ఇవాళ మన దేశంలో ధాన్యానికి చట్టం పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. ఆ గిరిజనులు తిన్నది ఈ హద్దుకు వెయ్యి రెట్ల దాకా.

ఇంగ్లండులో కోళ్ళు చస్తే సొమ్ము పోయినవాళ్ళు గొంతెత్తారు. రెండేళ్ళు తిరక్కుండా విషం పట్టుబడింది, దాణా మీద నిఘా మొదలైంది. పంచమహల్‌లో 106 మంది మనుషులు పోయారు. నేను అడిగేది ఒకటే. ఆ తర్వాత ఈ యాభై ఏళ్ళలో మన ఊళ్ళో, మన సంతలో, మన యార్డులో ఏం మారింది?

1995లో మన దక్కనులో, ఆంధ్ర, కర్ణాటక పల్లెల్లో వానకు నల్లబడిన జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్ళకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ పోషకాహార సంస్థవాళ్ళే పోయి చూశారు. 27 ఊళ్ళలో జబ్బు కనబడింది. ఈసారి విషం ఫ్యూమొనిసిన్, ఫ్యూసేరియం అనే ఇంకో బూజు చేసేది. నల్లబడ్డ జొన్నలని తెలిసీ ఎందుకు తిన్నారు? వేరే జొన్నలు లేవు కాబట్టి. లేనివాళ్ళు తిన్నారు. ఈ జబ్బుల చరిత్ర మొత్తం ఇదే వరసలో నడుస్తుంది. కెన్యాలో 2004లో తడి ఆరని మొక్కజొన్న తిని జబ్బు పడింది 317 మంది, పోయింది 125 మంది. వాళ్ళూ పండించుకున్నది తినే పేద రైతులే.

ఇట్లా మూకుమ్మడిగా చస్తే కనీసం వార్త అవుతుంది. నన్ను నిద్ర పోనీయనిది రోజూ కాస్త కాస్తగా తినేది. బి1 కాలేయంలోకి పోయాక అక్కడి ఎంజైములు దాన్ని విరిచి బయటికి పంపాలని చూస్తాయి. ఆ పనిలో అది ఇంకా చురుకైన రూపం ఎత్తి కణంలోని డీఎన్‌ఏకు అంటుకుంటుంది. ముఖ్యంగా పీ53 అనే జన్యువులో ఒకే ఒక్క చోట, 249వ స్థానంలో, అక్షరం మారుస్తుంది. కణం అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా ఆపే జన్యువది. చైనాలోని చీడాంగ్‌లో, దక్షిణాఫ్రికా ప్రాంతంలో కాలేయ కాన్సర్ రోగుల గడ్డల్లో అదే చోట అదే మార్పు మళ్ళీ మళ్ళీ దొరికింది. దొంగ వేలిముద్ర వదిలిపోయాడన్నమాట. దానికి తోడు హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. షాంఘైలో మగవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో విషం ఒక్కటే ఉన్నవాళ్ళకు కాలేయ కాన్సర్ ముప్పు మూడు రెట్లకు పైన, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్ళకు ఏడు రెట్లు, రెండూ ఉన్నవాళ్ళకు దాదాపు అరవై రెట్లు.

మా చిన్నాన్నకు కాలేయ కాన్సర్ వచ్చింది. పట్నంలో ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఫైలు తిరగేసి మొదట అడిగిన మాట, "తాగుతాడా?" మా చిన్నమ్మ, "చుక్క ముట్టలేదు సార్, ఆంజనేయస్వామి మాల వేసే మనిషి" అంది. ఆయన నమ్మినట్టు నాకు అనిపించలేదు. మళ్ళీ అదే ప్రశ్న నన్ను పక్కకు పిలిచి అడిగాడు. మా చిన్నాన్న పుట్టి పెరిగింది శెనక్కాయ చేలో. కాయ అమ్ముడుపోక ఇంట్లో గరిసె నిండా ఉండిపోతే ఏడాది పొడుగునా పొద్దున బువ్వలోకి ఆ కాయతో నూరిన ఊరిబిండి పచ్చడే. ఆయన జబ్బు బూజు వల్లనే వచ్చిందని నేను అనడం లేదు. అనడానికి ఆధారం లేదు. ఆధారం ఎందుకు లేదంటే ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. రక్తంలో ఆ విషం ఆనవాలు పట్టే పరీక్షలున్నాయి. తాగాడా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆ మనిషి ఫైలు మూసేశారు. తాగని మనిషిని ఊళ్ళో తాగుబోతని చెప్పుకున్నారు, చచ్చాక కూడా.

ప్రపంచం మొత్తం మీద ఏటా ఈ విషం వల్ల వచ్చే కాలేయ కాన్సర్లు 25,200 నుంచి 1,55,000 దాకా ఉండొచ్చని 2010లో ఒక అంచనా వేశారు. ఆ రెండు అంకెల మధ్య దూరం చూడండి. లక్షా ముప్పై వేల మంది ఉన్నారో లేరో తెలియని దూరం. లెక్క కట్టినవాళ్ళకు లెక్క రాక కాదు, మనలాంటి దేశాల్లో ఎవరు ఎంత తింటున్నారో కొలిచినవాళ్ళు చాలినంత మంది లేక. ఆ దూరంలో ఎంతమంది మా చిన్నాన్నలు ఉన్నారో?

ఇప్పుడు గింజ సంగతికి వస్తాను. ఈ విషం మిల్లులోనే పుట్టదు, చేలోనే మొదలవుతుంది. పంట చివరి నెలలో, గింజ గట్టిపడే వేళ, వాన మొహం చాటేస్తే నేల వేడెక్కుతుంది. నీళ్ళు అందని కాయకు తనను తాను కాపాడుకునే శక్తి పోతుంది. నేలలోనే ఉన్న ఆస్పర్జిల్లస్ లోపలికి దిగుతుంది. దేశంలోనే వాన బాగా తక్కువ పడే మా జిల్లాలో ఆ చివరి నెల ఎండ రాని ఏళ్ళు ఎన్ని? తర్వాత చెట్టు పీకాక, కట్టె సరిగా ఆరకుండా వామి వేస్తే, కాయ కొట్టేటప్పుడు బుడ్డ పగిలితే, గోతంలో తేమ ఉండిపోతే, ప్రతి మెట్టులోనూ అది పెరుగుతుంది. ఒలవబోయే ముందు తడిపితే ఇక దానికి పండగే. ఎనిమిది శాతానికి లోపు తేమ ఉండాలి గింజలో. కాయ ఊపితే గలగలమనాలి. ఇదేమీ రైతుకు తెలియని విద్య కాదు.

తెలిసీ ఎందుకు ఆరబెట్టడం లేదు? మండీకి పోయి చూడండి. దళారి కాయ చేతిలో గలగలలాడించి, పిడికెడు ఒలిచి, గింజ తూకం ఎంత పడుతుందో చూసి రేటు చెబుతాడు. తరుగు తీస్తాడు. విషం చూడడు. ఇంకో మూడు రోజులు ఎండబెట్టి, చెడ్డకాయ ఏరేసి, శుభ్రంగా తెచ్చిన రైతుకు ఎంత ఎక్కువ ఇస్తాడు? పైసా ఇవ్వడు. ఆరబెట్టిన పాపానికి తూకం తగ్గుతుంది, ఏరేసిన పాపానికి ఇంకా తగ్గుతుంది. కూలి దండగ. మంచి పని చేసిన రైతును తూకంలోనే దండిస్తున్నాం. ఈ ఏర్పాటు పెట్టినవాళ్ళు, ఇన్నేళ్ళు నడిపించినవాళ్ళు, రైతుకు అవగాహన లేదని సదస్సుల్లో మాట్లాడడం నాకు ఒళ్ళు మండించే విషయం. రైతుకు అవగాహన ఉంది. అతనికి లేనిది ధర.

అదే గింజ సముద్రం దాటాలంటే మాత్రం అన్నీ పుట్టుకొస్తాయి. యూరప్ తినే వేరుశెనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములకు మించకూడదు, బి1 ఒక్కటీ 2కు మించకూడదు. మించితే ఓడ వెనక్కి వస్తుంది. అందుకని ఎగుమతి గింజ ఆడించే మిల్లుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, గింజకు లాట్ నంబరు ఉంటుంది, ప్రయోగశాల కాగితం ఉంటుంది. గుంటూరు మిరపకాయకూ అంతే. పోయే సంచికి పరీక్ష ఉంటుంది. మనకు నేరుగా తినే గింజలో హద్దు 10, ఇంకా శుద్ధి చేయాల్సిన గింజలో 15. హద్దు కాస్త ఎక్కువని నేను గొడవ పెట్టుకోను. 15 అన్నది 15గా అమలైతే దండం పెడతాను. కానీ కిరాణా కొట్టులో గోనె నోరు విప్పి అమ్మే పల్లీలకు లాట్ నంబరు ఎక్కడుంది? టిఫిన్ బండి మీద చట్నీకి కాగితం ఎక్కడుంది? పరదేశి నోటికి పోయే గింజను ఏరి, కొలిచి, ముద్ర వేసి పంపే దేశం, ఏరగా మిగిలినదాన్ని తన పిల్లల నోటికి ఏ కొలతా లేకుండా పెడుతోంది. ఇంతకంటే సిగ్గుచేటు నేను ఎరుగను.

కొలవడం కష్టమంటారు. కష్టమే, ఒప్పుకుంటాను. ఈ విషం సంచి అంతా సమంగా ఉండదు. వేల గింజలు శుభ్రంగా ఉండి ఒక్క గింజలో సంచి మొత్తాన్ని చెడగొట్టేంత ఉండొచ్చు. పిడికెడు తీసి పరీక్షిస్తే ఆ గింజ తగలకపోవచ్చు. అందుకే పెద్ద మొత్తంలో, పలుచోట్ల నుంచి తీసి, కలిపి, పొడి చేసి చూడాలి. ఎగుమతి సరుకుకు అట్లానే చేస్తున్నారు కదా. మనవరకు వచ్చేసరికి కష్టమైందా? పటాన్‌చెరులో 1972 నుంచీ ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది. మన ఆర్టీసీ బస్సు ఎక్కితే దిగే చోట. తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే ఎలీసా పరీక్షను అక్కడే తయారు చేశారు. ఆఫ్రికాలో మలావీ రైతు సంఘం ఆ పరీక్ష పెట్టుకుని తమ వేరుశెనగను మళ్ళీ యూరప్‌కు అమ్ముకుంది. మలావీ రైతుకు అందిన విద్య మా కదిరి రైతుకు యార్డు గేటు దగ్గర అందదు.

నూనెకు పోయిన గింజ గురించి కూడా చెప్పాలి. గానుగ ఆడితే విషంలో ఎక్కువ పాలు చెక్కలో ఉండిపోతుంది. కొంత నూనెలోకి వస్తుంది. ఫ్యాక్టరీలో క్షారంతో శుద్ధి చేసే నూనెలో అది పోతుంది. ఇప్పుడు పట్నాల్లో వీధికొకటి వెలిసిన కట్టె గానుగ నూనెలో ఆ శుద్ధి ఉండదు. గానుగ నూనె మంచిది కాదని కాదు నా మాట. గానుగలో పోసిన గింజ ఏదో చూపించమంటున్నాను. మంచి గింజ పోసినవాడు ఆ గింజ బస్తా విప్పి చూపించడానికి వెనకాడడు.

చెక్క పశువుకు పోతుంది. ఆవు, ఎనుము తిన్న బి1, ఎం1గా మారి ఒకటి రెండు రోజుల్లోనే పాలలో కనబడుతుంది. కాచినా పోదు, తోడు వేసినా పోదు. మన ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి చూసింది. 5.7 శాతంలో ఎం1 హద్దు దాటి ఉంది. పాలలో నీళ్ళు, యూరియా కలుపుతున్నారని జనం భయపడుతుంటే, ఆ సర్వేలో కల్తీ కంటే చాలా పెద్దదిగా తేలింది ఈ బూజు విషం. దాణా నుంచే వస్తోందని వాళ్ళే చెప్పారు. ఇక్కడ మన హద్దు యూరప్ హద్దుకు పది రెట్లు. ఆ పది రెట్లు కూడా దాటిన పాలు అవి. వాటిని తాగేవాళ్ళలో ఎవరున్నారో నేను చెప్పాలా? బాటిల్ పట్టుకున్న పసివాళ్ళు.

పసివాళ్ళ మాట వచ్చింది కాబట్టి మైసూరు సంగతి చెప్పకుండా ఉండలేను. పోషకాహార లోపంతో ఒళ్ళు వాచి ఆస్పత్రికి వచ్చిన పిల్లలకు మాంసకృత్తులు అందాలని వేరుశెనగ పిండి పెట్టారు. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఆ పిండిలో అఫ్లాటాక్సిన్ ఉంది. పిల్లల కాలేయాలు గట్టిపడిపోయాయి, సిర్రోసిస్. 1971లో ఆ వైద్యులే నిజాయితీగా పత్రం రాసి ప్రకటించారు. ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కుతాను. ఇప్పుడు మన బడుల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచీ మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు శెనక్కాయ చిక్కీ పెడుతున్నారు. పథకం పేరు మారింది, చిక్కీ ఉంది. చిక్కీ ఆపమని ఎవడైనా అంటే నేనే ముందు తిరగబడతాను. పేదపిల్లకు అంత చౌకగా అంత బలమిచ్చే తిండి ఇంకొకటి లేదు. అందుకే అడుగుతున్నాను. ఆ చిక్కీలో పోసిన గింజ లాట్‌కు అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితం ప్రతి బడి గోడ మీద మెనూ పక్కనే అతికించండి. కోడిగుడ్డు మీద రంగు ముద్ర వేయగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకానిది కాదు.

ఇంత చెబితే కొందరు పెద్దలు, "మన తాతలు తినలేదా, వాళ్ళు నూరేళ్ళు బతకలేదా" అంటారు. నూరేళ్ళు బతికిన తాతను చూపించి, నలభై ఐదుకే కడుపు ఉబ్బి పోయిన తాతను మరిచిపోవడం ఎంత సులువో. అతని జబ్బుకు అప్పట్లో పేరు లేదు. గాలి సోకిందన్నారు, చేతబడి అన్నారు. మరికొందరు, ఇట్లా రాస్తే జనం శెనక్కాయ కొనడం మానేస్తారు, రైతు మునుగుతాడు అంటారు. రైతును ముంచుతున్నది నా రాతా, మంచిదానికీ చెడ్డదానికీ ఒకే రేటు కట్టే తూకమా?

చేతకాదు అనేవాళ్ళకు గినీ చూపిస్తాను. పశ్చిమ ఆఫ్రికాలో మనకంటే ఎంతో పేద దేశం. అక్కడ ఇరవై పల్లెల్లో ఒక పని చేసి చూశారు. పది పల్లెల్లో కాయ ఏరడం నేర్పారు, నేల మీద కాకుండా నారచాపల మీద ఆరబెట్టించారు, ప్లాస్టిక్ గోతాలకు బదులు గాలాడే నార సంచులిచ్చారు, సంచి నేలకు ఆనకుండా కింద కర్ర పలకలు వేయించారు. మిగతా పది పల్లెలను మామూలుగా వదిలేశారు. కొన్ని నెలల తర్వాత రక్తం తీసి చూస్తే, నేర్పిన పల్లెల్లో విషం ఆనవాలు మిగతా పల్లెల్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. 2005లో లాన్సెట్‌లోనే వచ్చింది ఈ పత్రం కూడా. చాప, నార సంచి, కర్ర పలక. మా తాత గరిసె కింద రాళ్ళు పెట్టి పలకలు వేసేవాడు. చీడాంగ్‌లో 1980లలో జనం మొక్కజొన్న నుంచి బియ్యానికి మారారు. హెపటైటిస్ టీకా అందని తరంలోనే కాలేయ కాన్సర్ చావులు పడిపోయాయి. తిండిలో విషం తగ్గితే జబ్బు తగ్గుతుందని మనుషుల మీద, ఏళ్ళ తరబడి, కళ్ళకు కట్టినట్టు రుజువైంది. ఇంకేం రుజువు కావాలి?

రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ, మార్కెటింగ్ మంత్రులకు, మార్కెట్ కమిటీలకు నేను అడిగేవి అడుగుతాను. వేరుశెనగ, మొక్కజొన్న, మిరప కొనే ప్రతి యార్డులో విషం పరీక్ష బల్ల పెట్టండి. తక్కువ విషం తేలిన లాట్‌కు ఎక్కువ రేటు కట్టండి, ఆ తేడా మొదటి కొన్నేళ్ళు ప్రభుత్వం భరించాలి. ఆరబెట్టడానికి టార్పాలిన్లు, డ్రైయర్లు పంటకు ముందే ఊరికి చేరాలి, వాన పడ్డాక కాదు. కాయ తడిపి ఒలవడం ఆపించండి. కాలేయ కాన్సర్ రోగి ఫైలులో తాగుడు గడి పక్కన తిండి గడి పెట్టండి.

అన్నిటికంటే ముందు ఆ చెడ్డ గింజల సంచి. మిల్లులో ఏరేసిన ఆ గింజ మనిషి తిండిలోకీ, పశువు దాణాలోకీ పోకుండా చట్టం చేయండి. ప్రభుత్వమే దానికి ఒక ధర కట్టి, తూచి, కొని, కాల్చేయాలి. ఇవాళ సాయంత్రం కూడా మా జిల్లాలో ఆ సంచులు లారీ ఎక్కుతున్నాయి. ఏ ఊరికి పోతున్నాయో అడిగే అధికారి ఒక్కడు లేడు. మీ ఊళ్ళో మిల్లు ఉంటే, రేపు పోయి మీరు అడగండి.